ఫోన్ ఒప్పుకుంటేనే కూలి

నూజివీడు పేరు చెప్తే బయటివాళ్లకు రసాలు గుర్తొస్తాయి. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు కాయ అని వరసపెట్టి చెప్తారు. ఆ తోటల్లో కూలికి పోయే మాకు నూజివీడు అంటే రెండున్నర నెలల పని. ఉగాది వెళ్లాక కోతలు ఊపందుకుంటాయి, మృగశిర కార్తె వచ్చేసరికి తోటలు ఖాళీ. ఆ కొద్ది రోజుల్లో మగవాళ్లు చెట్టెక్కి చిక్కంతో కాయ దింపుతారు. ఆడవాళ్లం సొన కారనిచ్చి, మచ్చకాయ వేరుచేసి, ట్రేలకు ఎత్తుతాం. రాత్రికి లోడు నున్న మార్కెట్టుకు పోతుంది. ఆ తర్వాత తోటలో మాకేం పని ఉంటుంది? కొన్నాళ్లు కలుపు, కొన్నాళ్లు ఎండుకొమ్మలు ఏరటం. మందు కొట్టే పని మగవాళ్లది. తామర పురుగు పూతను తినేసిన ఏడాది అయితే కోతలు కూడా సగమే. తోట గుత్తకు తీసుకున్నవాళ్లే మునిగిపోతే మమ్మల్ని ఎవరు పిలుస్తారు?

మిగతా రోజులకు మాకున్నది ఉపాధి హామీ పని. మా అత్తగారి ఈడువాళ్లు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు. చెరువులో పూడిక తీయటం, తోటల గట్ల వెంట కందకాలు తవ్వటం, వాగు కాలవలు బాగుచేయటం. మా ఆయన రెండేళ్ల కిందట కోతలో కొమ్మ విరిగి కిందపడ్డాడు. తుంటి ఎముక అతికింది గాని మళ్లీ చెట్టెక్కలేడు. అప్పటినుంచి ఇంట్లోకి డబ్బు వచ్చే దారి నా చేతులే. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది. నాకొక్కదానికే జరిగింది కాదిది. మా చెరువులో పార పట్టిన ప్రతి మనిషికీ జరిగింది.

ఈ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ఈ పథకాన్ని దేశంలో మొదలుపెట్టారు. ఆ చట్టంలో కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పని అడిగే హక్కు ఉండేది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి ముప్పై రోజులకు కూలిలో నాలుగో వంతు, ఆపైన సగం. ఆ భృతి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఈ మాట మా ఊళ్లో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లకు కూడా ఆ భృతి అందగా నేను చూడలేదు. ఎందుకంటే పని ఎప్పుడు అడిగావో చూపించే కాగితం ఉండాలి. మా వాళ్లు నోటితో అడుగుతారు. "రేపో మాపో పెడతాంలే అమ్మా" అని నోటితోనే జవాబు వస్తుంది.

నిరుద్యోగ భృతి అనగానే జనానికి యువనేస్తం పథకం గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 2న మన రాష్ట్రంలో మొదలైంది. మొదట నెలకు వెయ్యి రూపాయలు. అది డిగ్రీ, డిప్లమా చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు. ప్రభుత్వం మారాక ఆగిపోయింది. తట్ట మోసేవాళ్లకు ఉన్న భృతి మాత్రం ఉపాధి చట్టంలో రాసి ఉన్నదే.

నేను పదో తరగతి చదివాను. ఉపాధి పనిలో మా కూలీల జట్టును శ్రమశక్తి సంఘం అంటారు. అందులో రాయటం, చదవటం ధారాళంగా వచ్చినదాన్ని నేనే కాబట్టి హాజరు వేసి పని చూసుకునే మేట్‌గా నన్ను పెట్టుకున్నారు. మొదట్లో పని తేలికే. మస్టరు కాగితంలో పేర్లు ఉండేవి, ఎదురుగా సంతకమో వేలిముద్రో పెట్టించేదాన్ని. వారం చివర కొలతలు తీసేవాళ్లు. ఎన్ని ఘనపు మీటర్లు తవ్వామో దాన్నిబట్టి కూలి. ఎండాకాలం తెల్లవారుజామున నాలుగున్నరకే టార్చిలైట్లు పట్టుకుని చెరువులోకి దిగేవాళ్లం. ఎండ ముదరకముందే మా వాటా మట్టి ఎత్తి పోసి, తొమ్మిదింటికల్లా ఇళ్లకు చేరి పిల్లలకు అన్నం వండేవాళ్లం.

తర్వాత ఫోన్ వచ్చింది. 2021లో కేంద్రం హాజరు యాప్ తెచ్చింది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట 2022 మే నుంచి తప్పనిసరి చేశారు. 2023 జనవరి 1 నుంచి సొంత భూముల్లో చేసే పనులు తప్ప మిగతా అన్నిటికీ అదే. పొద్దున ఒక ఫొటో, మళ్లీ కొన్ని గంటల ఎడంతో ఇంకో ఫొటో. ఫొటోలో అందరి మొహాలూ కనపడాలి. ఏ వేళప్పుడు తీశామో, ఏ చోట తీశామో దానికదే నమోదవుతుంది. ఎవరికి హాజరు పడిందో వాళ్లకే మస్టరు, మస్టరు ఉంటేనే కూలి. దొంగ మస్టర్లు ఆపటానికి అన్నారు. దొంగ మస్టర్లు ఉన్న మాట నిజం. చేయని పనికి పేర్లు ఎక్కించి డబ్బు తిన్నవాళ్ల సంగతులు ఊరి జనం ముందు లెక్కలు చూసే సామాజిక తనిఖీల్లో మన రాష్ట్రంలోనే ఎన్నో బయటపడ్డాయి. కాబట్టి ఫొటో అన్నప్పుడు నేను సంతోషించాను. చేసినవాళ్లకే డబ్బులు పడతాయి కదా అనుకున్నాను.

ఫోన్ నేనే కొనుక్కోవాలి. ఇంట్లో ఉన్న చిన్న ఫోన్ పనికిరాదు. వాయిదాల మీద కొత్తది తీసుకున్నాను. రీచార్జి నాదే. వాయిదా కట్టాల్సిన వారం కూలి ఆలస్యమైతే దుకాణం వాళ్ల ఫోన్లు కూడా అందులోకే వచ్చేవి.

మా చెరువు ఊరికి ఎగువన, గుట్ట వాలులో ఉంటుంది. రెండు పక్కలా మామిడి తోటలు. చెరువు లోపలికి దిగితే సిగ్నలు ఉండదు. కట్ట మీద తూముకు అవతల, వేపచెట్టు దగ్గర ఒక గీత వస్తుంది, పోతుంది. పొద్దున అందరినీ వరసగా నిలబెడతాను. "అక్కా, కొంగు కాస్త తీయి, మొహం కనపడాలి." "వదినా, నువ్వు వెనక్కి పోకు." ఎండ పడకుండా తలమీద కప్పుకున్న కొంగు తీసి, చెమట తుడుచుకుని నిలబడతారు. ఎండకు తెర మీద ఏమీ కనపడదు. నా కొంగే ఫోన్ మీద గొడుగులా పట్టుకుని చూస్తే గుండ్రం తిరుగుతూ ఉంటుంది. అది తిరిగినంతసేపు అందరూ నావంకే చూస్తుంటారు. ఫొటో తీశాక సిగ్నలు దొరికినప్పుడు ఎక్కించుకోవచ్చని మాకు చెప్పారు. అది నిజమే, కొన్నిసార్లు ఎక్కేది. కొన్నిసార్లు కట్ట మీదికి పరుగెత్తి ఎక్కిద్దామని చూస్తే ఆ రోజు మస్టరే తెరుచుకునేది కాదు.

రెండో ఫొటో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. కొలత ప్రకారం మా వాటా మట్టి తొమ్మిదికే అయిపోతుంది. అయినా కదలకూడదు. రెండో ఫొటో వేళ దాకా అక్కడే ఉండాలి. మే నెల, రోహిణి ఎండలు. చెరువు నడుమ చెట్టు లేదు. తూము గోడ నీడ నలుగురికి సరిపోతుంది. పాలిచ్చే తల్లి ఒకామె పిల్లను అత్తగారి దగ్గర వదిలి వచ్చేది. రవిక తడిసిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఫొటో ఎప్పుడొదినా?" అని అడుగుతుండేది. ఏం చెప్పను? పని మిగిలి ఉంటే ఎండలో చేయటానికి మేం వెనకాడేవాళ్లం కాదు. పని అయిపోయాక ఫొటో కోసం ఎండలో కూర్చోబెట్టటం ఎవరికి లాభం? పని చేసినట్టు తవ్విన గుంటలున్నాయి, కట్ట మీద పోసిన మట్టి ఉంది. కొలత టేపుకు అవి కనపడతాయి కదా.

2023 ఎండాకాలంలో ఒక వారం నాలుగు రోజుల రెండో ఫొటోలు ఎక్కలేదు. ఆ వారం మా సంఘంలో అందరం పూర్తిగా పనిచేశాం. రోజూ ఫొటోలు తీశాను. అవి నా ఫోన్‌లో కనపడుతున్నాయి. అవతలి కంప్యూటర్‌లో మాత్రం లేవు. వారం చివర మస్టరు చూస్తే ఆ నాలుగు రోజులూ మా పేర్లకు ఎదురుగా గైరుహాజరు అని పడింది. ఆ ఏడాది మన రాష్ట్రంలో రోజు కూలి రేటు 272 రూపాయలు. కొలతలో తగ్గితే అదీ రాదు. నాలుగు రోజులంటే ఒక్కొక్కరికి వెయ్యి దాటే డబ్బు. మా ఇళ్లలో అది బియ్యం కాక మిగతా సరుకులన్నీ.

నేను ఉపాధి పనుల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి కుర్రాడు కంప్యూటర్ చూసి, "ఫొటో లేదంటే మనిషి రానట్టేనండి" అన్నాడు. ఫోన్ తీసి ఫొటోలు చూపించాను. ఇందులో ఉన్నది మేమే, వెనక మా చెరువు కట్ట, కింద తేదీ, టైము చూడండి అన్నాను. "మీ ఫోన్‌లో ఉంటే లాభం లేదు, ఇందులో ఉండాలి" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనికీ ఆ పెట్టెలో ఏది కనపడితే అదే. అర్జీ రాసిచ్చాను. పైవాళ్లు ఒప్పుకుంటే చేత్తో హాజరు ఎక్కించే వీలు ఉందని అక్కడే ఒక పెద్దాయన మెల్లగా చెప్పాడు. అప్పటిదాకా ఆ వీలు ఉన్నట్టే మాకు ఎవరూ చెప్పలేదు. ఆ పైవాళ్ల దగ్గరికి వెళ్తే కింది ఆఫీసు నుంచి నివేదిక రావాలన్నారు. కిందికి వస్తే పై నుంచి అడిగితే పంపుతామన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోయేది, పైన ఆటో చార్జీలు.

ఆఫీసుల బాధ కంటే ఊళ్లో బాధ ఎక్కువైంది. డబ్బులు పడలేదని తెలిశాక బోరింగు దగ్గర నన్ను చూసి మాటలు ఆపేశారు. పిన్ని వరసయ్యే ఒకావిడ, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి, మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అమ్మాయ్, నేను వచ్చానా లేదా? నువ్వే చెప్పు" అంది. వచ్చావు పిన్నీ అన్నాను. "మరి నా డబ్బులేవే?" అంది. ఫోన్ చూపించబోతే, "ఆ ఫోన్ నాకెందుకు, నీ నోటితో చెప్పు" అంది. నేను నోటితో చెప్తే చెల్లే రోజులు పోయాయని ఆవిడకు ఎలా చెప్పను? మట్టి మోసింది ఆవిడ. పక్కన ఉండి చూసింది నేను. మా ఇద్దరి మాటకూ విలువ లేదు. మేట్ డబ్బు తినేసిందని కూడా ఒకరిద్దరు అన్నారు. ఆ రాత్రి మా ఆయన, "మేట్ పని మానెయ్యి, మాట పడటం ఎందుకు?" అన్నాడు. మానేస్తే ఆ నాలుగు రోజుల సంగతి అడిగేవాళ్లు కూడా ఉండరని మానలేదు.

ఆ బాధలో మా ఆడపడుచు కొడుకు మాటలు గుర్తొచ్చాయి. అతను అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటాడు, గ్రీన్ కార్డు ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు అతని ఉద్యోగం పోయింది. అక్కడ ప్రభుత్వం భృతి ఇస్తుంది గాని, ఒకసారి దరఖాస్తు పెడితే అయిపోదు. వారం వారం మళ్లీ సాక్ష్యం చెప్పుకోవాలి. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఈ వారం పనికి సిద్ధంగా ఉన్నావా, పని వెతికావా, ఏమైనా సంపాదించావా అని అడిగితే ఒక్కోదానికి అవునో కాదో నొక్కాలి. నొక్కకపోతే ఆ వారం డబ్బు ఆగుతుంది. ఆ నెలల్లో లక్షలమంది ఒక్కసారి ఫోన్లు చేయటంతో లైన్లు దొరికేవి కావట. పొద్దున్నే లేచి చేస్తూ కూర్చునేవాడినత్తా అని చెప్పాడు. అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు. మా చెరువు కట్ట మీద ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడ్డాక అర్థమైంది. అతను పని లేదని చెప్పుకోవాలి, మేం పని చేశామని చెప్పుకోవాలి. అయితే అతనికి లైను దొరక్కపోతే పోయేది అతని ఒక్కడి డబ్బు. నా ఫోన్‌కు సిగ్నలు లేకపోతే పోయేది మా సంఘం మొత్తం డబ్బు. తేడా ఇక్కడుంది. మనిషి తన సాక్ష్యం తాను చెప్పుకోవటానికి మా దగ్గర వీలే పెట్టలేదు.

2023 ఫిబ్రవరిలో ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర వేరే రాష్ట్రాల ఉపాధి కూలీలు ఈ హాజరు యాప్ మీద, ఆధార్ చెల్లింపుల మీద ధర్నాకు కూర్చున్నారని తర్వాత తెలిసింది. మా బాధ మా చెరువులోనే ఉందనుకున్నాను. దేశమంతా ఉందని తెలిశాక కొంత ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యంతోనే ఒక పుస్తకం పెట్టాను. నూజివీడులో కొన్న పెద్ద లెక్కల పుస్తకం. ఫోన్ దారి ఫోన్‌ది, రోజూ పనిలోకి దిగగానే ఇందులో ప్రతి మనిషి చేతా సంతకమో వేలిముద్రో పెట్టిస్తాను. పైన తేదీ, పని పేరు. ఫొటో ఎక్కకపోతే ఎన్ని గంటలకు ప్రయత్నం చేశానో, ఫోన్ ఏమని చూపించిందో కింద రాస్తాను. ఆ తెర ఫొటో తీసి దాస్తాను. ఇది ప్రభుత్వం లెక్కలోకి రాదని కొందరన్నారు. రాకపోయినా సరే అన్నాను. మరుసటి సామాజిక తనిఖీ గ్రామసభలో ఆ పుస్తకం పట్టుకుని లేచాను. ఆ నాలుగు రోజుల ఫొటోలు అంతకుముందే నూజివీడు ఫొటో స్టూడియోలో కడిగించి ఉంచాను. మా పిన్ని కూడా లేచింది. ఫొటోలో తన మొహం మీద వేలుపెట్టి, "ఇది నేను. ఈ చీర ఇప్పుడు నా ఒంటి మీదే ఉంది, చూడండి" అంది. తనిఖీకి వచ్చినవాళ్లు రాసుకున్నారు. కొలతల పుస్తకంలో ఆ వారం మట్టి లెక్క ఉందని, మనుషులు రాకుండా అంత మట్టి ఎలా లేచిందని వాళ్లే అడిగారు. నేను మొదటినుంచీ అడుగుతున్నది అదే.

చాలా నెలల తర్వాత మూడు రోజుల కూలి మా ఖాతాల్లో పడింది. నాలుగో రోజుది పడలేదు. కూలి పదిహేను రోజులు దాటి ఆలస్యమైతే పదహారో రోజు నుంచి రోజుకు నూటికి ఐదు పైసల లెక్కన పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది. అదీ రాలేదు. చిన్న మొత్తమేగా అన్నారు. చిన్నదో పెద్దదో మాకు రావలసింది.

డబ్బు పడ్డవాళ్లలో కూడా మా పిన్ని లేదు. ఆవిడ జాబ్ కార్డులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే కూలి అని తప్పనిసరి చేశారు. పేరు సరిచేయించటానికి ఆవిడను వెంటబెట్టుకుని నేనే తిరిగాను. వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి పార పట్టిన చెయ్యి, మామిడి సొన తిన్న చెయ్యి. బొటనవేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టించాం. చివరికి వేరే వేలితో పడింది. 2025 చివర్లో మొహంతో ఈ-కేవైసీ చేయాలన్నారు. ఫోన్ ముందు కూర్చోబెట్టి కళ్లు ఆర్పమంటుంది. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు వెలుతురుకు కళ్లు తెరవలేకపోతే ముందుకు కదలదు. మా పిన్నికి పూర్తి చేయించటానికి ఆ రోజు సాయంత్రం చీకటి పడేదాకా మా వరండాలోనే కూర్చోబెట్టుకున్నాను. అయ్యింది. అవ్వని ముసలివాళ్లు మా పక్క ఊళ్లలో ఉన్నారు. వాళ్లు పని చేయగలరు, చేస్తామంటున్నారు. ఫోన్ గుర్తుపట్టలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. నూరు రోజుల బదులు 125 రోజులు అంటున్నారు. రోజులు పెరిగితే మాకు మంచిదే. కొత్తదైనా పాతదైనా నేను అడిగేవి రెండే. ఫొటో ఎక్కకపోతే ఆ రోజే, ఆ చెరువు గట్టు మీదే, కాగితం మీద సంతకాలతో హాజరు వేసే హక్కు మేట్‌కీ కూలీలకూ కలిపి ఇవ్వండి. తప్పు రాస్తే మమ్మల్ని శిక్షించండి, ఒప్పుకుంటాం. రెండోది, మా వాటా మట్టి కొలతకు సరిపడా ఎత్తాక రెండో ఫొటో కోసం మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టకండి.

ఇది చదివే తోటి కూలీలకు, మేట్‌లకు ఒక మాట. పని నోటితో అడగొద్దు. కాగితం మీద రాసి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. పదిహేను రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. రసీదు ఇవ్వనంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. రోజూ ఒక పుస్తకంలో సంతకాలు పెట్టించుకోండి. ఫోన్‌లో ఫొటోలు చెరిపెయ్యొద్దు. సామాజిక తనిఖీ గ్రామసభ ఎప్పుడో కనుక్కుని, కూలికి పోయే పని ఉన్నా ఆ పూట ఆగి వెళ్లండి. మా నాలుగో రోజు అర్జీ ఇంకా నడుస్తోంది. వచ్చే గ్రామసభలో మళ్లీ అడుగుతాం.